పాలు తాగినప్పుడల్లా పొలమారిన పాప: ఒక కేస్ స్టడీ

పాప వయసు 3 నెలల 20 రోజులు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, నా దగ్గరికి వచ్చిన రోజున సరిగ్గా 4 కిలోలు. నెలలు నిండి పుట్టిన బిడ్డ అయిదో నెల దాటేలోపు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలని లెక్క వేసుకుంటాం. ఈ పాప ఆ దారిలో సగం కూడా నడవలేదు. అప్పటికే రెండుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో ఉండి వచ్చింది. తల్లి తెచ్చిన ఫైలులో అన్నిటికంటే పైన ఉన్న కాగితం మీద ‘లారింగోమలేషియా, తీవ్రస్థాయి’ అని ఉంది. ఆపరేషన్ అవసరమేమో చూడమని దాని కింద నాకొక వాక్యం.

నేను పిల్లల చెవి, ముక్కు, గొంతు సర్జన్‌ను. కుటుంబం అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. జబ్బు అరుదైనదే. దాన్ని మేం ఆలస్యంగా పట్టుకున్న తీరు మాత్రం చాలా మామూలుది. రాయాలనిపించింది అందుకే.

శబ్దం

లారింగోమలేషియా గురించి రెండు మాటలు. పసిబిడ్డ ఊపిరి పీల్చుకునేటప్పుడు గొంతులో కీచుమనే శబ్దం వస్తుంటే, దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. స్వరపేటిక పైభాగంలోని కణజాలం ఇంకా గట్టిపడక, గాలి లోపలికి పోయే ప్రతిసారీ లోపలికే ఒరిగిపోతుంది. తడిసిన కాగితపు గొట్టంతో మజ్జిగ పీల్చితే గొట్టం నొక్కుకుపోయినట్లు. వెల్లకిలా పడుకుంటే, ఏడిస్తే, పాలు తాగితే ఎక్కువవుతుంది. బోర్లా వేసుకుంటే తగ్గుతుంది. ఎక్కువ మంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర నాటికి దానంతటదే పోతుంది. తల్లిదండ్రులకు ధైర్యం చెప్పి పంపించడానికి ఇంతకంటే మంచి జబ్బు మా విభాగంలో ఇంకొకటి లేదు.

పాపకు అయిదో వారంలో, మెలకువగా ఉండగానే, ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు పంపి చూశారు. గొంతు మూత గ్రీకు ఒమేగా (Ω) అక్షరంలా ముడుచుకుని ఉంది. దాని వెనక ఉన్న రెండు గుబ్బల మీది పొర ప్రతి ఊపిరికీ ముందుకు జారుతోంది. చూసినది సరిగ్గానే చూశారు, రాసినది సరిగ్గానే రాశారు. నేను మళ్లీ చూసినప్పుడు కూడా అదే కనిపించింది. ‘పావురం కూసినట్లుంటుందమ్మా రాత్రిళ్లు’ అని అమ్మమ్మ చెప్పిన శబ్దానికి ఆ బొమ్మ చక్కగా సరిపోయింది.

తీవ్రమైన లారింగోమలేషియాలో బరువు పెరగకపోతే ఆపరేషన్ చేస్తాం. అదనంగా వేలాడే పొరను కత్తిరించి దారి వెడల్పు చేయడం. సుప్రాగ్లాటోప్లాస్టీ అంటారు. పెద్ద ఆపరేషన్ కాదు. ఆ రోజు ఓపీలో నలభై మందిని చూశాను. ముప్పయ్యో నంబరో, ఆ తర్వాతో ఈ పాప. నిజం చెప్పాలంటే, ఆపరేషన్ తేదీ కోసం డైరీ తెరిచాను కూడా.

డైరీ మూయించింది తల్లి అన్న ఒక మాట. ‘శబ్దానికి నాకేం భయం లేదు మేడమ్. పాలు పట్టాలంటేనే భయం.’

ఆ తర్వాత ఎక్స్‌రేలు రెండూ లైటు మీద పెట్టి చూశాను. ఆరో వారంలో తీసినదాంట్లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లని మచ్చ. పదకొండో వారంలో మళ్లీ అక్కడే, దాంతోపాటు ఎడమవైపు కింద ఇంకొకటి. వెల్లకిలా పడుకునే పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి ఏదైనా జారితే, కుడి పైభాగంలో చేరడం తరచూ చూస్తాం. లారింగోమలేషియా ఉన్న పిల్లలకు కూడా పాలు అప్పుడప్పుడు దారి తప్పుతాయి. కానీ మూడు నెలల్లో రెండుసార్లు నెమ్ము, రెండుసార్లూ అదే చోట అంటే, ఆ ఒక్క పేరు మోయగలిగే బరువు కాదనిపించింది. ఏడుపు కూడా కాస్త బొంగురుగా ఉంది. స్వరపేటిక పైభాగం మెత్తగా ఉన్నంత మాత్రాన గొంతు బొంగురుపోదు.

ఒక పాలపూట

మరుసటి రోజు ఉదయం వార్డులో, తెర చాటున, పాప పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఇందుకు పట్టిన సమయం ఇరవై అయిదు నిమిషాలు. ఇంతకుముందు చూసిన వాళ్లెవరూ ఆ ఇరవై అయిదు నిమిషాలు కూర్చోలేదు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు, నేనూ సాధారణంగా కూర్చోను.

పాప కాలి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాం. 97. మొదటి నిమిషం బాగానే గడిచింది. చీకుతోంది, గుటక వేస్తోంది, ఊపిరి తీస్తోంది. పసిబిడ్డ చేసే పనులన్నిటిలోకీ కష్టమైనది ఇదే. చీకడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ దాదాపు సెకనుకొకసారి ఒకదాని వెంట ఒకటి తాళం తప్పకుండా సాగాలి. తల్లికి చేపు వచ్చింది. పాలు ధారగా దిగడం మొదలైంది. ‘ఇప్పుడు చూడండి మేడమ్’ అంది తల్లి, నాకేమీ కనిపించకముందే. పాప కనుబొమలు పైకి లేచాయి. మూసి ఉన్న పిడికిలి విచ్చుకుని అయిదు వేళ్లూ బిర్రుగా చాచుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గు లేదు. తలను రొమ్ము నుంచి పక్కకు తిప్పేసుకుంది. తెర మీద 97 నుంచి 91కి, 88కి. నోటి చుట్టూ నీలం. ఆ తర్వాత ఒక తడి ఊపిరి, నీళ్లలోంచి గాలి బుడగలు వచ్చినట్లు. చివరికెప్పుడో దగ్గు.

పాలు పట్టకముందు మెడ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. తెరిపిగా ఉంది. ఇప్పుడు పెడితే గరగర.

అమ్మమ్మ పాపను ఎత్తుకుని నెత్తి మీద తట్టింది. ‘ఎవరో తలచుకుంటున్నారు తల్లీ’ అంది. పొలమారితే మన ఇళ్లలో అనే మాటే. అన్నాక తనే నావైపు తిరిగి, ‘రోజుకు ఎనిమిది సార్లు ఎవరు తలచుకుంటారమ్మా?’ అంది. మేం ఇద్దరు ముగ్గురం కలిసి రాసిన కేసు చరిత్ర మొత్తంలో ఇంత సూటి ప్రశ్న లేదు.

ఆవిడ గురించి ఇంకొక సంగతి చెప్పాలి. పలుచని పాలే పొలమారుతున్నాయని ఆవిడే కనిపెట్టింది. అందుకని తల్లిపాలు పిండి, అందులో ఉడికించిన బియ్యప్పిండి కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టి చూసింది. మొదట చిక్కగా ఉన్న పాలు కాసేపటికే నీళ్లయిపోతున్నాయని, ‘దీని పాలల్లోనే ఏదో తేడా ఉంది’ అని కూతురిని అనుమానించింది. తేడా లేదు. తల్లిపాలలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. బియ్యప్పిండిని అది గిన్నెలోనే అరిగించేస్తుంది. ఈ విషయం తెలియని డాక్టర్లు కూడా పిండి కలిపి పట్టమని చెబుతుంటారు. ఆ వయసుకు ఆ పిండీ వద్దు, ఆ పద్ధతీ వద్దు. ఆవిడ గమనించిన విషయం మాత్రం అక్షరాలా నిజం.

ఆ సాయంత్రం ఫైలు మొత్తం కింది నుంచి పైకి చదివాను. అడుగున తల్లీబిడ్డల కార్డు ఉంది. కాన్పు తర్వాత 21వ రోజున ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త అందులో నీలం సిరాతో, పొందికైన అక్షరాలతో ఇలా రాసింది: ‘పాలు తాగేటప్పుడు పొలమారుతోంది. పెదాలు నల్లబడుతున్నాయి. డాక్టరుకు చూపించాలి.’ చూపించారు. డాక్టరు శబ్దం విన్నాడు. కార్డు ఫైలు అడుగుకు చేరింది.

గోడలో సందు

గొంతు ఒక కూడలి. ముందువైపు గాలి దారి, వెనకవైపు అన్నం దారి. రెండింటి మధ్య ఒక గోడ. తల్లి కడుపులో మొదట ఈ రెండూ ఒకటే గొట్టం. నాలుగో వారం నుంచి విడిపోవడం మొదలవుతుంది. స్వరపేటిక వెనకభాగంలో రెండువైపుల నుంచి వచ్చే మృదులాస్థి పలకలు ఏడో వారానికల్లా మధ్యలో కలుసుకుని అతుక్కోవాలి. ఎక్కడో అతుకు ఆగిపోతే, స్వరపేటికకూ అన్నవాహికకూ మధ్య గోడలో సందు మిగిలిపోతుంది. దాన్నే లారింజియల్ క్లెఫ్ట్ అంటాం, స్వరపేటిక చీలిక అనుకోవచ్చు. పది వేల నుంచి ఇరవై వేల జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా. అయితే ఈ లెక్క దొరికినవాళ్లది. చిన్న చీలికలు ఎన్ని దొరక్కుండా పోతున్నాయో ఈ అంకె చెప్పదు.

ఆస్ట్రేలియా వైద్యుడు బ్రూస్ బెంజమిన్, ఆండ్రూ ఇంగ్లిస్ కలిసి 1989లో చేసిన నాలుగు తరగతుల విభజననే మేం ఇప్పటికీ వాడుతున్నాం. మొదటి రకంలో చీలిక స్వరతంత్రుల మట్టానికి పైనే ఆగుతుంది. రెండో రకంలో ఆ మట్టం దాటి, దాని కింద ఉంగరంలా ఉండే క్రికాయిడ్ మృదులాస్థిలోకి కొంత దిగుతుంది. మూడో రకం క్రికాయిడ్‌ను పూర్తిగా చీల్చుకుని మెడలోని గాలిగొట్టం దాకా పోవచ్చు. నాలుగో రకం ఛాతీలోకి దిగుతుంది. ఆ పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే ప్రాణాపాయంలో పడతారు కాబట్టి ఎవరి కంటా తప్పిపోరు. తప్పిపోయేది ఒకటి, రెండు రకాలే. పిల్లలు బతుకుతారు, దగ్గుతారు, మళ్లీ మళ్లీ నెమ్ము చేస్తుంది, ఆస్తమా అని, అలర్జీ అని, పాలు కక్కుతోందని ఏళ్ల తరబడి మందులు వాడతారు.

మెలకువలో చేసే ఎండోస్కోపీలో ఇది ఎందుకు కనిపించదంటే, చొక్కా జేబు అడుగున కుట్టు ఊడిన సంగతి గుర్తు చేసుకోండి. చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. చిల్లర జారిపోతేనే అనుమానం, వేలు పెట్టి చూస్తేనే నిర్ధారణ. స్వరపేటిక వెనక కూడా అంతే. చీలిక అంచుల మీది వదులు పొర ఒకదాని మీద ఒకటి వాలి, సందును కప్పేస్తుంది. మత్తు ఇచ్చి, ఆ పొరను ప్రోబ్‌తో విడదీసి, లోతు కొలిస్తేనే ఉందో లేదో చెప్పగలం.

ఈ విషయం నాకు పుస్తకం కంటే బాగా నేర్పిన కేసు ఒకటుంది. ఏడేళ్ల కిందట ఒక బాబుకు మత్తు ఇచ్చి, టెలిస్కోపుతో గొంతంతా చూసి, ప్రోబ్ పెట్టకుండానే ‘స్వరపేటిక సాధారణం’ అని రాశాను. ఆరు నెలల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో సర్జన్ ప్రోబ్ పెట్టి చూస్తే మొదటి రకం చీలిక. ఆ ఆరు నెలల్లో బాబు మూడుసార్లు ఆసుపత్రి పాలయ్యాడు. రిపోర్టు కింద సంతకం నాదే. అప్పటి నుంచి నా రిపోర్టు నమూనాలో ‘ప్రోబ్‌తో చూశాను: అవును / లేదు’ అని ఒక గడి పెట్టుకున్నాను.

ముందు వీడియో ఎక్స్‌రే. బేరియం కలిపిన ద్రవాన్ని పాప మింగుతుంటే పక్కనుంచి ఎక్స్‌రే వీడియో తీస్తాం. అక్కరకు వచ్చేవి పదకొండు గుటకలు దొరికాయి. వాటిలో నాలుగు గుటకలు స్వరతంత్రులు దాటి గాలిగొట్టంలోకి దిగాయి. ఆ నాలుగింటిలో పాప దగ్గింది ఒక్కసారే. మిగతా మూడూ నిశ్శబ్దంగా జారిపోయాయి. తల్లి రోజుకు ఎనిమిది సార్లు పొలమారుతోందని అనుకుంటోంది, ఆమెకు వినిపించినవే ఆమె లెక్క. వినిపించనివి ఊపిరితిత్తుల లెక్క.

థియేటరులో

ఇలాంటి పరీక్షలో సర్జన్ కంటే మత్తు డాక్టరు పని కష్టం. గొంతులో గొట్టం ఉండకూడదు, ఉంటే నేను చూడాల్సిన చోటును అదే మూసేస్తుంది. పాప తన ఊపిరి తనే తీసుకుంటూ ఉండాలి, కానీ ప్రోబ్ తగిలితే దగ్గకూడదు, గొంతు బిగుసుకోకూడదు. మా మత్తు డాక్టరు ఇరవై ఏళ్లుగా పసిపిల్లలకు మత్తు ఇస్తున్నారు. స్వరతంత్రుల మీద మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ చల్లి, ఆ సన్నని అంచు మీద పాపను నిలబెట్టారు. ‘కానివ్వండి, పది నిమిషాలు మీవి’ అన్నారు.

మొదట గాలిగొట్టం చివరిదాకా టెలిస్కోపు పంపాను. చీలిక ఉన్న పిల్లల్లో కొందరికి కింద అన్నవాహికకూ గాలిగొట్టానికీ మధ్య వేరే రంధ్రం, ఫిస్టులా కూడా ఉంటుంది. పైది కుట్టి కిందిది వదిలేస్తే నెమ్ము ఆగదు. వెనకగోడ మొత్తం వెతికాను, లేదు. స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయి. తర్వాత సన్నని కొక్కెంలాంటి ప్రోబ్ తీసుకుని, వెనకున్న రెండు గుబ్బలను, అంటే అరిటినాయిడ్‌లను, పక్కలకు విడదీశాను. మామూలుగా అయితే ప్రోబ్ కొన స్వరతంత్రుల మట్టానికి పైనే గోడకు తగిలి ఆగాలి. ఆగలేదు. పొరను పక్కకు నెడుతూ కిందికి దిగింది, మట్టం దాటింది, ఇంకొంచెం దిగి అప్పుడు మెత్తగా తగిలింది. రెండో రకం. తెర మీద ఆ ‘వి’ ఆకారపు సందు తెరుచుకుంటే, నా వెనక నిలబడ్డ పీజీ విద్యార్థి ‘ఇంతసేపూ అక్కడే ఉందా!’ అన్నాడు.

అప్పుడే కుట్టలేదు. ఈ నిర్ణయం మీద పాప తండ్రికి నా మీద కోపం వచ్చింది. ‘కనిపించాక కుట్టేయాల్సింది కదా, పసిదానికి రెండోసారి మత్తు ఎందుకు?’ అన్నాడు. అడగదగ్గ ప్రశ్నే. ఊపిరితిత్తులు ఇంకా తడిగా ఉన్నాయి. 4 కిలోల ఒంట్లో కుట్లు మానడానికి కావలసిన బలం లేదు. కుట్లు వేశాక గొంతు వాస్తే తట్టుకునే జాగా ఆ గొంతులో ఇంకా తక్కువ. పైగా ఆ రోజు వాళ్ల దగ్గర నేను అనుమతి తీసుకున్నది చూడటానికి మాత్రమే. అదే సిటింగ్‌లో కుట్టే సర్జన్లు ఉన్నారు, బరువు బాగుంటే నేనూ కుడతాను. మొదటి రకం అయితే చీలికలో జెల్ ఎక్కించి, ఎత్తు పెంచి, కొన్ని వారాలు చూసే పద్ధతి కూడా ఉంది. రెండో రకానికి అది ఎక్కువకాలం నిలవదని నా అభిప్రాయం.

24 రోజులు పాపకు నోటి ద్వారా చుక్క పాలు లేవు. ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం, రోజుకు ఎనిమిది సార్లు పిండిన తల్లిపాలు, పూటకు 75 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి 90 దాకా. చీకే అలవాటు పోకూడదని, పాలు పూర్తిగా పిండేసిన రొమ్మును పట్టించేవాళ్లం. అందరూ తేలిగ్గా తీసుకునేది, పిల్లలు బాగయ్యాక అందరినీ ఏడిపించేది ఈ అలవాటే. గొట్టం సరైన చోట ఉందో లేదో చూడటం తండ్రి నేర్చుకున్నాడు. ముక్కు దగ్గర మార్కర్‌తో గీసిన గుర్తు ఒక్క పిసరు జరిగినా పాలు ఆపేసి నర్సును పిలిచేవాడు. గుండె, మూత్రపిండాలు స్కాన్ చేయించాం, ఇలాంటి లోపాలు కొన్నిసార్లు జట్టుగా వస్తాయి. అదనపు వేళ్లు, అంగిలి చీలిక, ఎడంగా ఉన్న కళ్లు, ఇవేవీ లేవు. ఆమ్లం పైకి ఎగదన్నకుండా మందు ఇచ్చాం. 24వ రోజున బరువు 4.7 కిలోలు, ఛాతీ తెరిపి.

రెండోసారి థియేటరు. లారింగోస్కోపును స్టాండుకు కట్టి నిలబెడితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. చీలిక అంచుల మీది పొరను సన్నని కత్తెరతో రెండువైపులా పచ్చి చేశాను. పచ్చి అంచులే అతుక్కుంటాయి, పొర ఉన్న అంచులు ఎన్ని కుట్లు వేసినా అతుక్కోవు. 6-0 దారం, దానంతటదే కరిగేది, చూపు మసకైతే కనిపించనంత సన్నం. అడుగు నుంచి పైకి నాలుగు కుట్లు. ముడి బయట వేసి, కర్రలాంటి పరికరంతో అరచేతి పొడవు కిందికి నెట్టి బిగించాలి. మొదటి ముడికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు, మూడుసార్లు తెగింది. ఎక్కడ ఆపాలన్నది చెయ్యి చెప్పాల్సిన మాట. తక్కువ కుడితే పాలు జారతాయి, ఎక్కువ కుడితే అరిటినాయిడ్‌లు బిగుసుకుని గాలి దారే ఇరుకవుతుంది. నాలుగో కుట్టు తర్వాత 3.5 సైజు గొట్టం ఒకసారి వదులుగా దించి చూసి, సంతృప్తి పడి ఆపేశాను. దాదాపు రెండు గంటలు పట్టింది.

మొదట అడిగిన ఆపరేషన్, ఆ మెత్తని పొర కత్తిరించడం, చేయలేదు. డైరీ తెరిచిన రోజున అదే చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చీలిక మీద పాలకు కాస్తో కూస్తో అడ్డుగా ఉన్నది ఆ పొరే. అది తీసేస్తే శబ్దం తగ్గేది. ఇల్లంతా సంతోషించేది. పాలు ఇంకా ధారాళంగా ఊపిరితిత్తుల్లోకి దిగేవి.

తర్వాత

పిల్లల ఐసీయూలో రెండు రాత్రులు ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చాం. గొట్టం మళ్లీ వేయాల్సిన అవసరం రాలేదు. మూడో రోజు తండ్రి నా గది ముందు నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. ‘ఆపరేషన్ అయింది కదా మేడమ్, మరి ఈ శబ్దం ఏమిటి?’

ఈసారి తప్పు పూర్తిగా నాది. శబ్దం వేరు, చీలిక వేరు అని నేను చెప్పాననుకున్నాను. చెప్పాను కూడా, ఒకసారి, అనుమతి పత్రం మీద సంతకాల హడావిడిలో. మూడు నెలలుగా ఆ శబ్దాన్నే జబ్బు అనుకుంటున్న కుటుంబానికి ఒకసారి చెప్పడం చెప్పినట్లు కాదు. కాగితం మీద బొమ్మ గీశాను. పైన మెత్తని పొర, అది కూస్తుంది, ఏడాది దాటాక తగ్గుతుంది. వెనక గోడ, అది కూయదు, దాన్నే కుట్టాం. బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఇంట్లో గోడకు అంటించి ఉందని తర్వాత తెలిసింది.

ఎనిమిది వారాలు ముక్కుగొట్టంతోనే గడిచాయి. మధ్యలో ఒకసారి జలుబు చేసి, దగ్గు తిరగబెట్టి, కుట్లు ఊడిపోయాయేమోనని అందరం బెంబేలెత్తాం. చూస్తే అతుకు చెక్కుచెదరలేదు. ఎనిమిదో వారం వీడియో ఎక్స్‌రేలో పన్నెండు గుటకలు. ఒక్కటి కూడా స్వరతంత్రుల కిందికి దిగలేదు. రెండు మాత్రం వాటి అంచు దాకా వచ్చి వెనక్కి పోయాయి. కుట్టు అతికినంత మాత్రాన మింగడం రాదు. దాదాపు నాలుగు నెలల పాటు ప్రతి గుటకా భయపెట్టిన గొంతు అది, తాళం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

రోజుకు రెండుసార్లు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాం. అమ్మమ్మ ఉగ్గుగిన్నె తీసింది. వద్దనలేదు, పట్టే తీరు మార్చాం. చాచిన కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని నోట్లో పోయడం మానేసి, పక్కకు ఒరిగించి, తల కాస్త ఎత్తులో ఉంచి, పెదవికి ఆనించి, పాపే లాక్కునేలా పట్టడం. రొమ్ము పట్టేటప్పుడు మొదటి చేపును గిన్నెలోకి పిండేసి, ధార నెమ్మదించాక పట్టించడం. ఇక్కడే ఒక పక్కమాట. నోట్లో, ముక్కులో నూనె చుక్కలు వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆముదం కానివ్వండి, నెయ్యి కానివ్వండి, ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ నూనె నెమ్ము చేస్తుంది, అది మామూలు మందులకు లొంగదు. గొంతు బాగున్న బిడ్డకు కూడా ఆ పని చేయకండి.

ఏడో నెల నుంచి చిక్కని రాగిజావ చెంచాతో. ఒక్కసారి కూడా పొలమారలేదు. పలుచని ద్రవాల సంగతికే ఇంట్లో కొలిచే పద్ధతి ఒకటి నేర్పాం. 10 మిల్లీలీటర్ల సిరంజి నిండా ద్రవం పోసి, అడుగు నుంచి వేలు తీసి పది సెకన్లు వదలాలి. సిరంజిలో 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే కాస్త చిక్కన. 4 నుంచి 8 మిగిలితే ఇంకొంచెం చిక్కన. ఒకటి కంటే తక్కువ మిగిలితే నీళ్లతో సమానం. తల్లి వంటగట్టు మీద ఫోనులో టైమర్ పెట్టుకుని, ఒక చేత్తో సిరంజి పట్టుకుని, పప్పుకట్టు, బార్లీ నీళ్లు, పలుచని జావ వరసగా కొలిచి నోటు పుస్తకంలో రాసింది. కొబ్బరినీళ్లు ‘సున్నా’ అని రాసి కింద రెండు గీతలు గీసింది. మా స్పీచ్ థెరపిస్టు ఆ పేజీని ఫొటో తీసుకుంది, ఇప్పుడు కొత్తగా వచ్చే తల్లులకు అదే చూపిస్తోంది.

తొమ్మిదో నెల నిండాక ముక్కుగొట్టం పూర్తిగా తీసేశాం. నిజానికి దాన్ని ఇంకా ముందే తీయాల్సింది. పాలు తక్కువైతే బరువు తగ్గుతుందన్న భయంతో నేనే సాగదీశాను. గొట్టం తీసిన వారానికే పాప ఆకలి రెట్టింపయింది.

చివరిసారి చూసింది 13 నెలల వయసులో. 8.1 కిలోలు. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా నెమ్ము చేయలేదు. బాగా ఏడ్చినప్పుడు పావురం కూత ఇంకా వినిపిస్తోంది, నిద్రలో లేదు. పాప అమ్మమ్మ ఒళ్లో కూర్చుని, చిన్న స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, సగం ఒంటి మీద పోసుకుంటూ నీళ్లు తాగుతోంది. తాగుతూ తాగుతూ ఒక్కసారి పొలమారింది. గట్టిగా దగ్గింది. గదిలో నలుగురం కొయ్యబారిపోయాం. అమ్మమ్మ చెయ్యి నెత్తి దాకా లేచి అక్కడే ఆగిపోయింది, నావైపు చూసింది. స్టెతస్కోపు మెడ మీద పెట్టాను. తెరిపిగా ఉంది. పాప అప్పటికే గ్లాసు మళ్లీ నోటికి ఎత్తుకుంది. ‘తట్టండి అమ్మమ్మగారూ, ఫరవాలేదు’ అన్నాను.

తట్టింది. ఎవరు తలచుకుంటున్నారో మాత్రం ఆ రోజు అనలేదు. తర్వాతి పరీక్ష ఏడాదిన్నర నిండాక.